మామిడికి రెండో పూత

మామిడికి పూత ఎప్పుడొస్తుందని అడిగితే చిన్నపిల్లాడైనా చెబుతాడు... సంక్రాంతికి కాస్త ముందూ వెనకా అని. ఆ పూత గురించి రాసినవాళ్లు బోలెడుమంది. పాడినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఇప్పుడు మనం చెప్పుకోబోయేది ఇంకో పూత. అది చెట్టుకు రాదు, కాయకు వేస్తారు. కోశాక, లారీ ఎక్కేలోగా, కాయ ఒంటికి పట్టించే పల్చటి పొర. అది తేనెమైనం కావచ్చు, లక్క కావచ్చు, ఓ మొక్క జిగురో, ఓ గింజ నూనెో కావచ్చు. ఆ పొర వల్ల కాయకు ఎంత లాభం, రైతుకు ఎంత లాభం అన్నది చూద్దామని మే నెలలో ఓ తెల్లవారుజామున విజయవాడ నుంచి నున్న బయల్దేరాను.

ఊరు దాటితే పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. కానీ యార్డు ఇంకా కనపడకముందే వాసన ఎదురొస్తుంది. పండు వాసన కాదు. పచ్చికాయ తుంచినప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలే సొన వాసన. దానికి వరిగడ్డి వాసన, డీజిలు వాసన తోడు. ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, మినీ లారీలు వరసకట్టి ఉన్నాయి. షెడ్ల కింద గడ్డి పరిచి బంగినపల్లి కాయల్ని గుట్టలుగా పోశారు. ఓ పక్క కలెక్టర్ కాయలు, చిలకముక్కులా కొసదేరి. కాయల్ని ఏరేవాళ్లు, ట్రేలలో సర్దేవాళ్లు, మధ్యలో ఫోన్లో హిందీలో టన్నుల లెక్క చెప్పే వ్యాపారులు. ఢిల్లీ, ముంబయి, అహ్మదాబాద్ అన్నీ ఇక్కడ పక్కపక్క వీధుల్లాగే వినిపిస్తాయి.

ఓ గుట్టలోంచి కాయ ఒకటి తీసి చూడండి. ఆకుపచ్చ చర్మం మీద సన్నగా, బూడిదరంగులో ఓ పొడిలాంటిది ఉంటుంది. వేలితో రుద్దితే పోతుంది. వేలిముద్ర పడినచోట కాయ నిగనిగలాడుతుంది. కొనేవాళ్లు ఆ మెరుపు చూసి ముచ్చటపడతారుగానీ ఆ పొడే కాయకు పుట్టుకతో వచ్చిన చొక్కా. మైనం! మామిడి తనకు తానే తయారుచేసుకున్న మైనం. లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి బూజు లోపలికి దిగకుండా ఆ పొర కాపలా కాస్తుంటుంది. తోట నుంచి యార్డుకు వచ్చేలోపు ఎన్ని చేతులు మారితే ఆ చొక్కాకి అన్ని చిరుగులు. శుభ్రంగా ఉండాలని నీళ్లలో వేసి తోమితే ఇక చెప్పక్కర్లేదు.

అంటే పండ్లమీద మైనం పూయడం మనిషి కనిపెట్టిన కొత్త విద్యేం కాదు. పోయినదాన్ని తిరిగి ఇవ్వడం. చైనాలో 12, 13 శతాబ్దాల్లోనే నారింజ, నిమ్మజాతి పండ్లకు మైనం పట్టించి దూరప్రాంతాలకు పంపేవారని చెబుతారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950లో మొదలైంది. మైనాన్ని నీళ్లలో కలిసేలా చేసి పండ్లను అందులో ముంచి తీసే పద్ధతుల మీద అక్కడా పని జరిగింది. మన యార్డుల్లో మాత్రం ఆ మాట ఇంకా కొత్తగానే వినిపిస్తుంది.

<b>నాలుగు రోజుల లెక్క</b>

యార్డులో ఓ చెట్టుకింద టీ తాగుతున్న రైతును పలకరించాను. అరవై దాటిన మనిషి. అగిరిపల్లి వైపు ఆరెకరాల తోటట. 'ఎలా ఉందండీ రేటు?' అనడిగితే నవ్వేశారు.

'పొద్దున్నొక రేటండీ, మధ్యాహ్నమొక రేటు. సాయంత్రానికి అసలు రేటుండదు. మనం ఇంటికి తీసుకుపోలేమని వాళ్లకి తెలుసుగా!'

ఈ కథంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. వరి కోసిన రైతు ధర నచ్చకపోతే బస్తాలు గాదెలో వేసుకుంటాడు. మిరప రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. మామిడి రైతుకు ఆ వెసులుబాటు లేదు. పక్వానికొచ్చిన బంగినపల్లిని కోసి మామూలు వేడిలో ఉంచితే వారం పదిరోజుల్లో పండైపోతుంది. అందులో కోతకూ బండికీ యార్డుకూ ఒకటి రెండు రోజులు. ఢిల్లీకి లారీ మూడు నాలుగు రోజులు. అక్కడి మండీ నుంచి వీధి బండి దాకా మరో రెండు. ఇక మిగిలేదెంత? పోనీ ఫ్రిజ్‌లాంటి గదిలో పెడదామా అంటే మామిడి ఉష్ణదేశపు బిడ్డ. 12, 13 డిగ్రీల కంటే చల్లగా రోజుల తరబడి ఉంచితే చర్మం మీద గుంటలు పడి, నల్లబడి, ఆ తర్వాత బయటపెట్టినా సరిగా మగ్గదు. యాపిల్‌కు కుదిరిన చలి దీనికి కుదరదు.

కాబట్టి బేరంలో ఎవరి చేతిలో రోజులు ఎక్కువుంటే వాళ్లదే పైచేయి. వ్యాపారి రేపు కూడా కొనొచ్చు. రైతు ఇవాళే అమ్మాలి. పూత వల్ల కాయకు నాలుగైదు రోజులు ఆయుష్షు పెరిగిందనుకోండి... ఆ నాలుగు రోజులూ ఎవరి ఇంట్లో ఉంటే లాభం వాళ్లది. మెరుపు సంగతి తర్వాత.

<b>చిక్కం పట్టిన చెయ్యి</b>

నున్న నుంచి అగిరిపల్లి మీదుగా నూజివీడు దారిలో వెళ్తుంటే రెండువైపులా తోటలే. 2022లో జిల్లాల సరిహద్దులు మారినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లాను వదిలి ఏలూరు జిల్లాలో చేరిందిగానీ మామిడికి మాత్రం నూజివీడు ఇంటిపేరుగానే ఉండిపోయింది. జమీందారుల కాలంనుంచీ రకరకాల జాతులు సేకరించి పెంచిన నేల. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, పంచదార కలశ... పేరు చెబితేనే చొక్కామీద మరక పడుతుంది. ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం కూడా ఇక్కడుంది.

ఓ తోటలో కోత జరుగుతోంది. పొడవాటి గెడకు చివర చిక్కం. తాళ్లతో అల్లిన చిన్న సంచి, దాని అంచుకు కత్తి. అలవాటైన మనిషి కాయను చిక్కంలోకి తీసుకుని, తొడిమ రెండు మూడంగుళాలు ఉండేట్టు కోసి, కిందికి దించుతాడు. అలవాటు లేనివాడు లాగేస్తాడు. తొడిమ మొదలంటా ఊడితే బుస్సుమని సొన చిమ్ముతుంది. అది కాయ భుజం మీదుగా జారినంత మేరా రెండ్రోజుల్లో నల్లటి చార. యార్డులో 'సొనకాయ' అని పక్కన పారేస్తారు.

ఈ సొన సంగతి తమాషాగా ఉంటుంది. అందులో కొంత జిగురు, కొంత నూనె. ఆ నూనెలో ఉండే టెర్పీన్లనే రసాయనాల వల్లే పచ్చిమామిడికి ఆ ఘాటు. చర్మాన్ని కాల్చేదీ అవే. కానీ అదే సొన కాయ లోపలి నాళాల్లో ఉన్నంతసేపూ బూజులకు, పురుగులకు అడ్డంగా నిలబడుతుంది. అంటే మామిడి బయట మైనం పూసుకుని, లోపల నూనె దాచుకుని పుట్టింది. మొక్కల నూనెలతో పండ్లను కాపాడొచ్చని శాస్త్రవేత్తలు ఇప్పుడు చేస్తున్న ప్రయోగాలన్నిటికీ నమూనా కాయలోనే ఉందన్నమాట! మంచి కోతగాళ్లు కాయల్ని తొడిమ కిందికి ఉండేలా బోర్లించి సొన కారిపోనిచ్చి, ఆ తర్వాతే ట్రేలో పెడతారు. ఎగుమతి కాయలకైతే ఈ పని తప్పనిసరి.

తోట యజమాని ఇంటికి తీసుకెళ్లారు. పాత పెంకుటిల్లు. అటక మీద వరిగడ్డిలో చిన్నరసాలు మగ్గేశారు. నిచ్చెన ఎక్కి చూస్తే, అబ్బ, ఆ వాసన! గడ్డి కాయలకు పరుపు ఒక్కటే కాదు. చెమ్మను పీల్చుకుంటుంది, కాయ ఒకదానికొకటి ఒరుసుకోకుండా చూస్తుంది, కాయలు వదిలే ఇథిలిన్ అనే వాయువును కాస్త పట్టి ఉంచి అన్నీ ఒక్కలా మగ్గేలా చేస్తుంది. 'రోజూ చూస్తాం. మెత్తబడింది తీసేస్తాం. ఒక్కటి కుళ్లిందంటే పక్కనున్న నాలుగూ పోతాయి' అన్నారు ఆ ఇంటావిడ. ఇంటికి సరిపడా కాయలకు ఇంతకన్నా గొప్ప పద్ధతి అక్కర్లేదు. పది టన్నులకు మాత్రం ఏ అటకా చాలదు.

<b>జాడీలో ముక్క... బుట్టలో కాయ</b>

నూనెతో నిల్వ అనగానే మనకు ఆవకాయ గుర్తొస్తుంది. జాడీలో ముక్కలకు పైన వేలెడు నూనె తేలాలి. గాలి తగలకూడదు. తగిలితే బూజు. అదే సూత్రం కాయకు వర్తింపజేసి ఒళ్లంతా నూనె దట్టిస్తే ఏమవుతుంది?

చచ్చిపోతుంది. కోసిన కాయ బతికే ఉంటుంది మరి. ఊపిరి పీలుస్తుంది. ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు గాలి వదులుతుంది, ఒంట్లో దాచుకున్న పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, జామ... వీటన్నిటికీ పండే వేళ ఊపిరి ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. ఆ వేగాన్ని కాస్త తగ్గించగలిగితే పండటం కాస్త ఆలస్యమవుతుంది. పూత చేసే పని అంతే. చర్మం మీద కంటికి కనిపించని రంధ్రాల్ని పూర్తిగా మూసేయకుండా సగం తలుపు వేస్తుంది. నీరు బయటికి పోవడం తగ్గుతుంది, కాయ ముడతపడదు, బరువు తగ్గదు. టన్నుల లెక్కన అమ్ముకునేవాడికి బరువంటే డబ్బే.

పూత మందమైతే తలుపు పూర్తిగా పడిపోతుంది. లోపల ఊపిరాడక కాయ పులియడం మొదలెడుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే కల్లు వాసన. నూజివీడు దగ్గర్లో ఓ ప్యాక్‌హౌస్‌లో అలాంటి కాయను కోసి చూపించారు. చర్మం పచ్చగా, గట్టిగా... లోపల టెంక చుట్టూ నీళ్లోడుతూ! 'మైనం పాళ్లు తప్పితే ఇంతేనండీ. పూయడం తేలిక, ఎంత పూయాలో తెలియడమే కష్టం' అన్నాడు అక్కడి కుర్రాడు. జాడీలో ముక్కకు ఊపిరి అక్కర్లేదు, బుట్టలో కాయకు కావాలి. తేడా అక్కడే.

ఆ ప్యాక్‌హౌస్‌లో పని చూడటానికి బాగుంటుంది. కాయలు ముందు వేడినీళ్ల స్నానం చేస్తాయి. 52 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు. ఎందుకంటే మామిడికి మచ్చ తెగులు తెచ్చే శిలీంధ్రం చెట్టు మీదుండగానే, లేత పిందెలోనే చర్మంలోకి దూరి నిద్రపోతుంది. కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లూ లేవదు. పండుతుండగా లేచి నల్లమచ్చలు పెడుతుంది. పైన ఎంత మంచి పూత వేసినా లోపల నిద్రపోయే దొంగను అది పట్టుకోలేదు. అందుకే ముందు వేడి. ఆ వేడికి, బ్రష్షులకు కాయ సొంత మైనం పోతుంది. ఆ తర్వాత పూత, దాని మీద ఫ్యాన్ల గాలి, అప్పుడు ట్రే.

<b>ఏటికొప్పాక నుంచి బ్రెజిల్ దాకా</b>

ఇంతకీ ఏం పూస్తారు? 'కొవ్వొత్తి మైనం పూస్తారటగా!' అని పండ్లబండి దగ్గర మనమంతా అనుమానపడేవాళ్లమే. ఆ భయానికి కారణం లేకపోలేదుగానీ చట్టం ఒప్పుకున్న మైనాలు వేరు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు పండ్లకు పూయడానికి పేరుపెట్టి అనుమతించినవి మూడు. తేనెమైనం, కార్నౌబా మైనం, షెల్లాక్ మైనం. పూసిన సంగతి లేబుల్ మీద చెప్పాలన్న షరతు కూడా ఉంది. ఆ లేబుల్ మనలో ఎంతమంది చదివామో, అసలు ఎంతమంది అంటించారో... అది వేరే కథ.

కార్నౌబా అంటే బ్రెజిల్ ఈశాన్యాన పెరిగే ఓ తాటిజాతి చెట్టు. ఎండకు తట్టుకోవడానికి ఆకులమీద మైనం పేర్చుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని తీస్తారు. కార్లకు పాలిషూ అదే, చాక్లెట్ బిళ్లలకు మెరుపూ అదే. షెల్లాక్ మాత్రం మన ఇంటిదే. లక్క! ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ, హైదరాబాద్ లాడ్‌బజార్ గాజుల్లో కరిగేదీ ఆ లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద ఓ చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. రాంచీలో 1924లో దీనికోసమే ఓ పరిశోధన సంస్థ పెట్టారు. లక్క పూసిన పండుకు మెరుపెక్కువ. కాకపోతే పురుగు నుంచి వచ్చింది కదా అని శాకాహారులు కొందరు ముఖం చిట్లిస్తారు. తేనెకు లేని పట్టింపు లక్కకెందుకో!

మొక్కల జిగుర్లది ఇంకో దారి. తుమ్మబంకతో కవర్లు అంటించిన తరానికి దాని పొర ఎలా ఆరుతుందో తెలుసు. ఆ తుమ్మ కుటుంబంలోదే, ఎక్కువగా సూడాన్ నుంచి వచ్చే గమ్ అరబిక్. మలేసియాలో 10 శాతం గమ్ అరబిక్ ద్రావణంలో ముంచిన టొమాటోలు 20 రోజులపాటు బాగున్నాయని 2010లో వచ్చిన పరిశోధన చెప్పింది. అక్కడే అరటి, బొప్పాయి మీదా ప్రయత్నించారు. కలబంద గుజ్జుతో స్పెయిన్‌లో ద్రాక్షకు పూతేశారు. 2005లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం గడ్డకట్టే చలికి కాస్త పైన, మామూలు ద్రాక్ష వారానికి చెడితే కలబంద పూసినవి 35 రోజుల దాకా నిలిచాయి. మన పెరట్లో దిష్టికి కట్టే కలబంద! రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్‌తో మామిడి మీద చేసిన ప్రయోగాలకు లెక్కలేదు. రొయ్యల సాగులో ముందుండే రాష్ట్రం మనది. భీమవరంలో పొట్టు, నూజివీడులో కాయ. మధ్య దూరం తక్కువే.

అమెరికాలో 2012లో మొదలైన ఎపీల్ అనే కంపెనీ మొక్కల నూనెల్లోంచి తీసిన కొవ్వు పదార్థాలతో పొడి చేసి అవకాడోల మీద పూసి అమ్మింది. 2023లో సామాజిక మాధ్యమాల్లో దానిమీద దుమారం రేగింది. చూస్తే, అదే పేరున్న ఓ నేల తుడిచే ద్రావణం హెచ్చరికల్ని దీనికి అంటగట్టారట! తినేదానికి ఏదైనా పూశారంటే జనానికి భయం ఎంత సులువుగా అంటుకుంటుందో అదొక పాఠం.

<b>ఆముదం చెయ్యి</b>

నూనెల సంగతికొస్తే మన ఇళ్లలో ఈ విద్య ఎప్పట్నుంచో ఉంది. కందిపప్పు ఏడాదికి సరిపడా డబ్బాలో పోసేముందు అమ్మమ్మలు అరచేతికి ఆముదం రాసుకుని పప్పును కలియబెట్టేవారు. గింజకు అంటీ అంటనట్టు నూనె. పురుగు గుడ్డు అంటుకోదు, అంటుకున్నా బతకదు. ఎంత నూనె అని అడిగితే 'చెయ్యి తడిస్తే చాలు' అనేవారు. ప్యాక్‌హౌస్ కుర్రాడు చెప్పిన పాళ్ల పాఠం ఇదే.

నిమ్మకాయలకూ అంతే. కాస్త కొబ్బరినూనె చేతికి రాసుకుని కాయల్ని దొర్లించి పెట్టుకుంటే తొందరగా ఎండి గట్టిపడవని చాలా ఇళ్లలో తెలుసు. కాగ్జీ నిమ్మమీద రకరకాల నూనెలు పూసి చూసిన మన దేశపు పరిశోధకులకు కూడా 2012 ప్రాంతంలో అదే తేలింది. బరువు తగ్గకుండా కాపాడటంలో కొబ్బరినూనెకు మంచి మార్కులు పడ్డాయి. గూడూరు, తెనాలి నిమ్మ మార్కెట్లలో బస్తాలు కుట్టేవాళ్లకు ఇది పనికొచ్చే కబురు. నిమ్మ మామిడిలా కోశాక ఊపిరి వేగం పెంచుకునే జాతి కాదు. అందుకే నూనె పూతను కాస్త సులువుగా భరిస్తుంది.

అరటికి వేరే తంటా. రావులపాలెం యార్డులో గెలలు చూసినవాళ్లకు తెలుస్తుంది. గెల నుంచి అత్తం కోసిన చోట నల్లబడి కుళ్లు మొదలై పండులోకి పాకుతుంది. దీనికి శ్రీలంకవాళ్లు దాల్చినచెక్క నూనె వాడి చూశారు. దాల్చినచెక్క వాళ్ల పెరటి చెట్టు కదా! 2002 నుంచీ వరసగా వచ్చిన పరిశోధనల్లో దాల్చిన, లవంగ నూనెలు ఆ కుళ్లు తెచ్చే శిలీంధ్రాల్ని అదుపు చేశాయి. వాళ్ల ఎంబుల్ అరటి, అంటే పుల్లటి చిన్న రకం, దాల్చిన నూనె పట్టించి తగిన సంచిలో పెట్టి చల్లటి గదిలో ఉంచితే 3 వారాలు నిలిచింది. పండు రుచి మారలేదట. నిమ్మగడ్డి నూనె మీదా ఇలాంటి ప్రయోగాలున్నాయి. అయితే ఘాటైన నూనెలతో ఓ చిక్కుంది. మోతాదు పెరిగితే బూజుతోపాటు పండు చర్మమూ కాలుతుంది. దానికితోడు లవంగం వాసనొచ్చే అరటిపండును కొనేదెవరు?

ఇన్ని చెప్పాక కార్బైడ్ మాట ఎత్తకపోతే మోసమే అవుతుంది. పూత పండటాన్ని ఆలస్యం చేస్తుంది. కార్బైడ్ తొందరపెడుతుంది. చెమ్మ తగలగానే అసిటిలిన్ వాయువు వదిలి, ముదరని కాయకు కూడా పసుపు రంగు తెచ్చేస్తుంది. రంగొస్తుంది, రుచి రాదు. పైగా అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలుంటాయి. దాన్ని పండ్లకు వాడటం నిషేధం. 2015లో ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే చేపట్టి రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ నిలదీసింది. 2016లో ఆహార భద్రత సంస్థ దానికి బదులుగా ఇథిలిన్ వాయువును అనుమతించింది, 100 పీపీఎంకు మించకుండా. ఇథిలిన్ కాయలోనే పుట్టేది కాబట్టి అది న్యాయమైన దారే.

కానీ పూత, కార్బైడ్ రెండూ ఒకే రోగం చుట్టూ తిరుగుతాయి. ఏప్రిల్‌లో ధర ఉంటుందని కాయ ముదరకముందే కోసేస్తారు. ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు పొంగుతాయి. నీళ్లలో వేస్తే మునుగుతుంది. లేతకాయ తేలుతుంది. తేలే కాయకు ప్రపంచంలోని ఏ మైనం పూసినా అది మంచి పండు కాదు. పూత ఆయుష్షు పెంచుతుందిగానీ పుట్టుక మార్చదు. 'ఎవడో ముందు కోసి మార్కెట్‌కు తెస్తాడు. వాడి కాయ చప్పగా ఉంటే మా అందరి పేరూ పోతుంది' అని నూజివీడులో ఓ రైతు వాపోయారు. నిజమే. ముందొచ్చిన చప్పటికాయ తర్వాతొచ్చే తియ్యటి కాయకు ధర తగ్గించేస్తుంది.

<b>చిత్తూరు వరస</b>

రోజుల విలువ ఎంతో 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా చూపించింది. అక్కడి తోతాపురి, అంటే మన కలెక్టర్ కాయ, ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ ఏడు కాపు ఎక్కువ, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వలు ఎక్కువ. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని చెప్పింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, తాను 4 కలుపుతానంది. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరసకట్టాయి. ఎండలో లోడుమీద లోడు, అడుగున కాయలు చితికి రసం కారుతూ, రైతులు ట్రాక్టర్ల కిందే నిద్రపోతూ. కొందరు తోటల్లోనే కాయల్ని వదిలేశారు.

ఆ వరసలో ఉన్న కాయకు మైనం పూసుంటే ధర పెరిగేదా? పెరిగేది కాదు. ఎక్కువైన పంటను పూత తగ్గించలేదు. గుజ్జుకు పోయే కాయకు అంత ఖర్చు పెట్టడం కూడా దండగే. కానీ బంగినపల్లి, సువర్ణరేఖలాంటి పండు తినే రకాలకు, అందులోనూ దూరం వెళ్లేవాటికి ఆ నాలుగు రోజులు నిజంగానే బేరాన్ని మార్చగలవు. ఒక్కటే షరతు. పూత వేసే చోటు యార్డు తర్వాత కాదు, యార్డుకు ముందు ఉండాలి. ఇప్పుడు వేడినీళ్ల తొట్టీ, పూత యంత్రం, చల్లటి గదీ ఎక్కువగా ఎగుమతిదారుల దగ్గరే ఉన్నాయి. కాయ రైతు చేతిలోంచి జారాకే దానికి ఆయుష్షు కలుస్తోంది. పది తోటలకు కలిపి ఊళ్లో ఓ చిన్న షెడ్డు, ఓ తొట్టి, ఓ ఫ్యాన్ల వరస పెట్టుకుని, పాళ్లు తెలిసిన మనిషిని ఒకరిని ఉంచుకుంటే... అని రైతు సంఘాలవాళ్లతో అన్నాను. 'కాయ నాలుగు రోజులు ఆగుద్దండీ, అప్పిచ్చినోడు ఆగాలిగా' అన్నారొకరు. తోటను పూతమీదే పాటకిచ్చి అడ్వాన్సు తీసుకున్న రైతుకు, కాయమీద ఏ పూత పూసినా ఆ రోజులు పాట పాడినవాడివే. ఆ సంగతి ఏ పరిశోధన పత్రంలోనూ కనపడదు.

తిరిగొస్తుంటే అగిరిపల్లి దాటాక రోడ్డుపక్కన చిన్న పందిరి. ఓ పెద్దావిడ గడ్డి పరిచి రసాలు పెట్టుకు కూర్చుంది. పొలంలో సొంత చెట్లు నాలుగున్నాయట. డజను తీసుకుని, దుమ్ముగా ఉన్నాయని పక్కనున్న బిందెలో కడగబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది.

'వద్దు బాబూ! కడిగితే రేపటికి మెత్తబడిపోతాయి. ఆ పొడి అట్టానే ఉండనీ. తొడిమ తుంచమాకు. ఇంటికెళ్లి గడ్డో, పాత పేపరో వేసి ఒక్క వరసనే పరుచుకో. తినేముందు ఓ గంట నీళ్లలో పడేసి, అప్పుడు కడుక్కుని తిను.'

డబ్బులిచ్చాక ఇంకో కాయ కొసరు వేసింది, అదీ తొడిమతోనే.